రొయ్యకున్న ప్రశ్న మనిషికేదీ?

కృష్ణా జిల్లా బంటుమిల్లి సెంటర్లో పొద్దున్నే ఆరింటికి టీ కొట్టు దగ్గర నిలబడండి. పరిశోధన ఎలా చెయ్యాలో ఏ యూనివర్సిటీ గడపా తొక్కకుండా, ఒక్క టీ ఖర్చుతో నేర్చుకోవచ్చు.

మందుల కంపెనీ కుర్రాడు మోటారు సైకిలు దిగి సంచిలోంచి కొత్త డబ్బా తీస్తాడు. "బాబాయ్ గారూ, ఇది చెరువులో వేశారంటే రొయ్య మామూలుగా ఉండదండి."

రొయ్యల రైతు మా బాబాయ్ గారు టీ ఊదుకుంటూ మొదలెడతారు.

"ఏ చెరువుకయ్యా? ఉప్పునీళ్ళదా, కాలవ నీళ్ళదా? ఎన్ని రోజుల రొయ్యకి?"

"అరవై రోజులు దాటినదానికండి."

"ఎకరానికెంత?"

"రెండు కేజీలండి."

"వేసిన చెరువులో కౌంటెంత వచ్చింది? వెయ్యని పక్క చెరువులో ఎంత వచ్చింది? రెండింట్లోనూ సీడు ఒకే హేచరీదేనా? ఏరేటర్లు రెండు చోట్లా సమానంగా తిరిగాయా? ఎన్నాళ్ళకి తేడా తెలిసింది?"

కుర్రాడు డబ్బా తీసి మళ్ళీ సంచిలో పెట్టేసుకుంటాడు.

ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏమైంది? ఈ నాలుగు ముక్కల్నీ వైద్య పరిశోధకులు 1995లో ఒక పత్రికా వ్యాసంలో సూత్రంగా రాసుకున్నారు. పొడి అక్షరాలు పేర్చి 'పికో' అన్నారు. ఎన్నాళ్ళకి అన్నది కూడా తర్వాత చేర్చి 'పికాట్' అన్నారు. ఇప్పుడు దాన్ని నేర్పడానికి స్టార్ హోటళ్ళలో వర్క్‌షాపులు పెట్టి, ఫైలూ పెన్నూ బఫే భోజనమూ ఇస్తున్నారు. మా బాబాయ్ గారికి ఇవేవీ అందలేదు. ఆయనకి అందినదల్లా బ్యాంకు నోటీసు. కౌంటు, అంటే కేజీకి ఎన్ని రొయ్యలన్న లెక్క, తప్పితే ఎంత పోతుందో తెలిసినవాడికి ప్రశ్న దానంతటదే చక్కగా కుదురుతుంది. తప్పు ప్రశ్న అడిగితే తన జేబుకి చిల్లు పడేవాడొకడు. తప్పు ప్రశ్న అడిగినా జీతం పడేవాడొకడు. తేడా అంతా అక్కడే ఉంది.

ఆ రెండోవాడి కారు కూడా అదే టీ కొట్టు ముందు ఆగుతుంది. ఫలానా ఆయనని కాదు, అదొక జాతి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు, నోట్లో డేటా. "మా దగ్గర లక్షల రికార్డులున్నాయండీ. ఏఐ కూడా పెడుతున్నాం. ఇక ప్రశ్న ఒక్కటే ఖరారు కావాలి" అంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనకో సామెతుంది. ఇక్కడ సోమలింగాలు లక్షమంది సిద్ధంగా ఉన్నారు. తల్లెవరో తేలాలి, అంతే.

ప్రాజెక్టు పేరు మాత్రం ముందే అచ్చయింది: 'కృష్ణా డెల్టా గ్రామీణ ప్రాంతాల ఆరోగ్య స్థితిగతులపై సమగ్ర, బహుముఖ, డేటా ఆధారిత అధ్యయనం'. ఇందులో తప్పు పట్టుకోవడానికి ఏమీ లేదు. అసలు పట్టుకోవడానికే ఏమీ లేదు. ఎవరి ఆరోగ్యం? నాట్లేసే ఆడకూలీదా, చెరువు గట్టు మీద కాపలా ఉండేవాడిదా, బందరులో బడి పంతులుదా? స్థితి అంటే రక్తపోటా, ఆకలా, అప్పా? గతి అంటే ఎప్పటి నుంచి ఎప్పటికి? 'సమగ్ర' అన్న మాట ప్రశ్నలో కనబడితే ఒకటే అర్థం చేసుకోండి: రాసినవాడికి ఏం కావాలో తెలియదు, అందుకని అన్నీ కావాలంటున్నాడు.

డేటాకి మనకి కరువేమీ లేదు. కృష్ణమ్మ కాలవలకి రాకపోయినా రిజిస్టర్లకి వరద ఆగదు. నర్సమ్మ రాస్తుంది, ఆశా కార్యకర్త రాస్తుంది, అంగన్‌వాడీ టీచరు రాస్తుంది. రాసిందే మళ్ళీ యాప్‌లో ఎక్కిస్తారు, సర్వరు మొండికేస్తే అర్ధరాత్రి లేచి ఎక్కిస్తారు. 2021 సెప్టెంబరులో దేశమంతటా డిజిటల్ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక ఆభా అనే ఆరోగ్య ఖాతా నంబరు కూడా వచ్చింది. ఒక్క గర్భిణి బరువు ఎన్ని పుస్తకాల్లోకి ఎక్కుతుందో లెక్కేస్తే పుస్తకాల బరువే ఎక్కువ తేలుతుంది. ఇంత రాశాక, ఇదంతా ఏ ప్రశ్నకి జవాబని అడిగితే "పైనుంచి అడుగుతారండీ" అంటారు. పైన అడిగితే "కింద నుంచి వస్తుందండీ" అంటారు. ప్రశ్న మధ్యలో ఎక్కడో కాలవలో కొట్టుకుపోయింది.

ప్రశ్న లేకుండా పరిశోధన నడపడం కూడా ఒక కళే. అందులో ముఖ్యమైన విద్యలు నాలుగు.

మొదటి విద్య, బిల్లునే జబ్బనుకోవడం.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం. పేరు ఏదైనా, ఆ కంప్యూటర్లో కూర్చున్న సమాచారం ఒకే ప్రశ్నకి జవాబుగా పుట్టింది: ఏ ఆసుపత్రికి ఎంత చెల్లించాలి? దాన్ని తెచ్చి "ఈ మండలంలో ఏ జబ్బు ఎక్కువ" అని అడిగితే అది ఏ ప్యాకేజీ ఎక్కువో చెబుతుంది. ప్యాకేజీలో లేని జబ్బు ఊళ్ళో లేనట్టే. పెళ్ళి భోజనాల బిల్లు చూసి ఆ దంపతుల కాపురం ఎలా సాగుతోందో చెప్పడం లాంటిది ఇది.

ఈ తెలివి మన సొంతమేమీ కాదు. అమెరికాలో ఆసుపత్రులు వాడే ఒక సాఫ్ట్‌వేర్ గుట్టు 2019లో 'సైన్స్' పత్రికలో రట్టయింది. ఎవరికి ఎక్కువ వైద్యం అవసరమో అది చెప్పాలి. అది మాత్రం ఎవరి మీద ఎక్కువ ఖర్చవుతుందో లెక్కగట్టేది. నల్లజాతి రోగుల మీద అక్కడ ఖర్చే తక్కువ పెడతారు కనక, వాళ్ళకి జబ్బూ తక్కువేనని తేల్చేసింది. ఒక్క మాట మారింది, లక్షల మంది వరస తప్పింది.

మన దగ్గర ఇదే మోత గర్భసంచుల మీద మోగింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. బిల్లుల్లో చూస్తే ఇది ఆపరేషన్ల విజయం. ఇంటికెళ్ళి ఆవిడనే అడిగితే ప్రశ్న మారిపోతుంది: ఏ వయసులో, ఏ బాధకి, ముందు మందులిచ్చి చూశారా, ఎవరు తీసెయ్యమన్నారు, ఆ తరవాత నడుం ఎలా ఉంది? సంఖ్య ఒకటే. అడిగిన చోటు మారగానే అది ఘనత నుంచి ఘోరానికి మారింది.

రెండో విద్య, వల వేసి పడ్డదాన్ని కోరుకున్నదనడం.

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట. పాతకాలం వాడు కనక పట్టుబడ్డాడు. ఇప్పుడైతే 'తాటి శిఖరాగ్రాన పశుగ్రాస లభ్యత' అని ఒక పేపరు రాసి ఉండేవాడు. వెయ్యి కాలమ్‌లున్న పట్టికని కంప్యూటరుకి మేపితే దేనికో దానికి దేనితోనో ముడి పడి తీరుతుంది. బోడిగుండుకీ మోకాలికీ ముడి వెయ్యడం మన పూర్వులకి తిట్టు. ఇప్పుడది ఉద్యోగం.

కెనడాలోని ఒంటారియోలో ఈ జబ్బుని బయటపెట్టడానికే కొందరు పరిశోధకులు ఒక తమాషా చేశారు. కోటీ ఆరు లక్షల మందికి పైగా జనం ఆసుపత్రి లెక్కలు తీసుకుని, 223 రకాల జబ్బుల్ని పన్నెండు రాశులతో కలిపి జల్లెడ పట్టారు. 2006లో అచ్చయిన ఆ వ్యాసంలో సింహరాశి వాళ్ళకి కడుపులో రక్తస్రావం ఎక్కువ, ధనూరాశి వాళ్ళకి జబ్బ ఎముక విరగడం ఎక్కువ అని తేలింది. ఒకరికి జబ్బు, ఇంకొకరికి జబ్బ! మన పండితుడి చేతికి ఇది చిక్కితే "విల్లు ఎక్కుపెట్టేవాడికి చెయ్యి విరగదా మరి" అని కారణం కూడా సిద్ధం చేసేవాడు. కానీ ఆ పరిశోధకులు నిజాయతీగా రెండో మాట కూడా చెప్పారు. ఇన్ని పోలికలు చేసినప్పుడు వట్టి కాకతాళీయంగా ఎన్ని ముడులు పడతాయో లెక్కేసి తీసేస్తే ఒక్క ముడీ మిగల్లేదు.

కాకి వాలింది, తాటిపండు పడింది. రెండింటికీ సంబంధం లేదని చెప్పడానికి మన భాషలో ఒక మాట ఉంది. అది తెలిసిన జాతి కాకిని కారకుణ్ణి చేస్తూ డ్యాష్‌బోర్డులు కడుతోంది.

అంతకు ముందే 1988లో ఇంకో పాఠం వచ్చింది. 17,187 మంది గుండెపోటు రోగుల మీద చేసిన పెద్ద పరీక్షలో యాస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని తేలింది. ముక్కలు ముక్కలుగా కోసి చూస్తే ఏమవుతుందో చూపించడానికి అందులోనే రాశుల వారీగా కూడా విడగొట్టారు. మిథునం, తుల రాశుల వాళ్ళకి మాత్రం యాస్పిరిన్ పనిచెయ్యనట్టు కనబడింది! ఇక్కడే అయ్యుంటే మందుల షాపులో చీటీతో పాటు జాతకం కూడా అడిగేవారు. పంచాంగం వేరు, పరిశోధన వేరు అంటారు గానీ, ముందుగా ప్రశ్న రాసుకోని పరిశోధనకి పంచాంగమే నయం. అది కనీసం ఏడాది ముందే అచ్చవుతుంది.

మూడో విద్య, ఎవరి దీపం కింద వాళ్ళు వెతకడం.

2020 డిసెంబరు 5. కొల్లేటికి అవతల ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. నాలుగు రోజుల్లో వందల మంది, చివరికి 600 దాటారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తం చూసింది, సీసం, నికెల్ అంది. తరవాత పురుగుమందుల అవశేషాల పేరు పైకొచ్చింది. నీళ్ళు చూసేవాళ్ళు నీళ్ళు చూశారు, కూరగాయలు చూసేవాళ్ళు కూరగాయలు చూశారు. ప్రాణాలు కొట్టుకుంటున్నప్పుడు దొరికిందల్లా పరీక్షించక తప్పదు, వాళ్ళని తప్పుపట్టను. కానీ పేపర్ల పెద్దక్షరాల్లో ఒక్క చిన్న ప్రశ్నకి చోటు దొరకలేదు: అదే వీధిలో, అదే కుళాయి నీళ్ళు తాగి, అదే బండి మీద కూరలు కొని, పడిపోకుండా నిలబడ్డ పక్కింటాయన రక్తంలో ఎంత సీసం ఉంది? వెయ్యని పక్క చెరువులో కౌంటెంత అని అడిగిన మా బాబాయ్ గారి ప్రశ్నే ఇది. పడినవాడి కథ సగమే. మిగతా సగం పడనివాడి దగ్గరుంటుంది.

నాలుగో విద్య, పోలికే లేకుండా విజయం ప్రకటించడం. దీనికి మన దివిసీమే పుట్టిల్లు.

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెరిగిపోయాయని గోలయింది. వందకు పైగా కేసులని పత్రికలు రాశాయి. దేవాదాయ శాఖ కదిలి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో సర్పశాంతి హోమం చేయించింది. దేవుణ్ణి నేనేమీ అనను. నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన చేతులే నావీ. హోమాన్ని కూడా ఏమీ అనను. మన సర్కారీ కార్యక్రమాలతో పోలిస్తే దానికి కనీసం లక్ష్యం స్పష్టంగా ఉంది: పాములు కరవకూడదు.

కానీ పోలిక ఏదీ? ఆగస్టు అంటే దివిసీమలో నాట్లు. మోకాళ్ళ లోతు బురదలో మనుషులు, నీళ్ళు నిండిన బొరియల్లోంచి ఎలకలు, వాటి వెనక పాములు. కొండని తవ్వి ఎలకని పట్టారని పరిశోధకుల్ని ఎకసెక్కెం ఆడతాం. ఇక్కడ పట్టాల్సింది ఆ ఎలకనే. నిరుడు ఆగస్టులో ఎన్ని? అంతకు ముందేడు ఎన్ని? కరిచినవి ఎక్కువయ్యాయా, ఆసుపత్రికి వచ్చినవాళ్ళు ఎక్కువయ్యారా? మంత్రగాడి గుమ్మం మానేసి సూదికోసం జనం వస్తే కేసులు పెరుగుతాయి. అది కష్టం కాదు, శుభవార్త. ఆ తేడా తెలియకుండా భయపడ్డాం. ఇక వానలు వెనకబట్టి నీళ్ళు తీశాయంటే పాములూ సర్దుకుంటాయి. అప్పుడు హోమం చేసినవాడు హోమం వల్లంటాడు, మీటింగు పెట్టినవాడు మీటింగు వల్లంటాడు, ఫ్లెక్సీ కట్టినవాడు ఫ్లెక్సీ వల్లంటాడు. పెరిగినప్పుడు మొదలెట్టిన ఏ పనైనా తగ్గినప్పుడు గెలిచినట్టే కనబడుతుంది. మన ఆరోగ్య పథకాల విజయగాథల్లో ఎన్నింటికి వానాకాలం అసలు రచయితో ఎవరైనా లెక్క తీస్తే బావుండు.

ప్రశ్న సరిగ్గా అడిగితే ఏమవుతుందో కూడా పాముల దగ్గరే చూడొచ్చు. ఆసుపత్రి రిజిస్టర్ల ప్రకారం మన దేశంలో పాముకాటు చావులు కొద్దే. కొందరు పరిశోధకులు ఆసుపత్రి వైపు చూడకుండా పది లక్షలకు పైగా ఇళ్ళకి మనుషుల్ని పంపారు. "మీ ఇంట్లో ఈమధ్య ఎవరు పోయారు? ఎలా పోయారు?" అంతే, రెండు ముక్కలు. 2011లో వాళ్ళు అచ్చువేసిన లెక్క: 2005లో దేశంలో పాముకాటుకి పోయినవాళ్ళు దాదాపు 45,900 మంది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 5,200. పోయినవాళ్ళలో నూటికి 77 మంది ఆసుపత్రి బయటే పోయారు. అంటే ఆసుపత్రి డేటాకి లక్ష కోట్ల ఏఐ తగిలించినా ఆ 77 మంది చావు అందులో దొరకదు. రిజిస్టరులో లేనివాణ్ణి కంప్యూటరు వెతకలేదు.

పక్కనున్న గోదావరి జిల్లాల్లోనూ ఇలాగే జరిగింది. 2003-04లో 45 ఊళ్ళలో, లక్షా 80 వేల జనాభాలో, ఏడాదిలో పోయిన 1,354 మంది ఇళ్ళకి వెళ్ళి అడిగారు. పల్లెటూరి చావులంటే విరేచనాలు, జ్వరాలు అనుకునే రోజులు. జవాబు వేరేగా వచ్చింది. నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారు. అంటురోగాల వాటా 12. ఒక చిన్న ప్రశ్న 'పల్లెటూరి జబ్బు' అన్న మాట అర్థాన్నే మార్చేసింది. ఆ ప్రశ్నలో సమగ్రం లేదు, బహుముఖం లేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, దేనివల్ల ఉన్నాయి.

మళ్ళీ టీ కొట్టుకి వద్దాం. కారు దిగినాయన లాప్‌టాప్ తెరిచి రంగురంగుల గీతలు చూపిస్తున్నారు. బాబాయ్ గారు కాసేపు చూసి, "ఇదంతా అయ్యాక ఏం మారుస్తారు బాబూ?" అన్నారు.

"పేపరు వస్తుందండీ."

"ఏ పేపరు? మా ఇంటికి తెల్లారే వేసేదేనా?"

ఆయన నవ్వలేదు. మంచి ప్రశ్నకి వాళ్ళ పుస్తకాల్లో ఇంకో ఐదు పరీక్షలున్నాయి. చెయ్యగలిగేదా? ఆసక్తి కలిగించేదా? కొత్తదా? నీతికి నిలుస్తుందా? ఎవరికైనా పనికొస్తుందా? మనవాళ్ళు మొదటి మూడింటి కోసం ప్రాణాలు పెడతారు. నాలుగోదానికి కమిటీ సంతకం పెట్టిస్తారు. ఐదోదాన్ని బాబాయ్ గారి దాకా రానివ్వరు. ఈసారి ఎలాగో వచ్చింది.

"నాకో సంగతి తేల్చి పెట్టండి బాబూ" అన్నారు ఆయన. "మా చెరువు గట్ల మీద రాత్రుళ్ళు కుర్రాళ్ళు కాపలా ఉంటారు. పాకలో నేలమీదే పడక. కట్లపాము నిద్రలోనే కాటేస్తుంది, కరిచినట్టు కూడా తెలియదు. ఈ వానాకాలం సగం పాకలకి మంచమూ దోమతెరా ఇద్దాం. మిగతా సగాన్ని ఎప్పటిలాగే ఉండనిచ్చి, వాళ్ళకి వచ్చే వానాకాలం ఇద్దాం. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎటువైపు ఎన్ని కాట్లో రాద్దాం. ఆసుపత్రికి వెళ్ళినా వెళ్ళకపోయినా పాకకి వెళ్ళి అడిగి రాద్దాం."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏమైంది, ఎన్నాళ్ళకి: అన్నీ ఉన్నాయి. ఆసుపత్రికి రానివాడు కూడా ఉన్నాడు. ఇందుకు ఆధారమూ లేకపోలేదు. నేపాల్ ఆగ్నేయ ప్రాంతంలో దోమతెర కింద పడుకునేవాళ్ళకి నిద్రలో పాముకాటు ముప్పు తక్కువని 2007లో ఒక అధ్యయనం వచ్చింది. బంటుమిల్లి గట్ల మీద ఎలా ఉంటుందన్నదే తేలాలి. ఎన్ని పాకలు పెడితే తేడా నిజమో కాదో తెలుస్తుందో లెక్కగట్టేవాడు కావాలి. సరిగ్గా అందుకే ఈ కారు దిగినాయన చదువుకున్నాడు.

ఆయన లాప్‌టాప్ మూస్తూ నిట్టూర్చారు. "బాగుందండీ. కానీ దీనికి బిగ్ డేటా అక్కర్లేదే! ఇంత చిన్న ప్రశ్నకి నిధులెవరిస్తారు?"

బాబాయ్ గారు మందుల కంపెనీ కుర్రాడి వైపు తిరిగారు. "ఒరేయ్, ఆ డబ్బా ఇటు తే. నువ్వే నయం. అడిగితే కనీసం సంచిలో పెట్టేసుకున్నావు."